ఎవరివాళ్ళని చూద్దాం?

చీరల కొట్లో కొట్టతను ఒకదాని మీద ఒకటి పరుస్తూ పోతుంటే, ఏది కావాలో తేల్చుకోలేక చివరికి మొదట చూసిన చీరే తీసుకుని, ఇంటికొచ్చి బాధపడటం మనలో చాలామందికి అలవాటే. కానీ యుద్ధభూముల్ని కూడా అలాగే వరసగా పరిచి, "ఏది కట్టమంటారు?" అని అడిగేవాళ్ళుంటారని నేను కలలో కూడా అనుకోలేదు.

కిందటేడు ఉగాది వెళ్ళాక నేనూ మావారూ బ్రస్సెల్స్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. పదిరోజులు తిరిగేసరికి ఊళ్ళో చూడవలసినవన్నీ అయిపోయాయి. ఇక మావారు పేచీ మొదలుపెట్టారు. ఆయన ముప్ఫై ఏళ్ళు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పి రిటైరయిన మనిషి. ఇంట్లో బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కుతారు గానీ, యుద్ధాలంటే మాత్రం చెవి కోసుకుంటారు. "ఇంతదూరం వచ్చి ఈపర్ చూడకుండా వెళితే నా చదువంతా దండగ" అన్నారు.

ఈపర్ అనేది బెల్జియంలో పడమటి కొసన ఉన్న చిన్న పట్నం. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈప్ర్ అంటారట. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 నుంచి 1918 దాకా, ఆ ఊరి చుట్టూ జర్మన్లు ఒక పక్కా, ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ బెల్జియంవాళ్ళూ ఇంకో పక్కా కందకాలు తవ్వుకుని కూర్చున్నారు. కొద్ది మైళ్ళ బురదనేల కోసం లక్షలమంది పోయారు. 1915 ఏప్రిల్ 22న జర్మన్లు విషవాయువు వదిలింది ఆ ఊరి దగ్గరే. ఊరంతా నేలమట్టమైపోయింది. ఇప్పుడు మనం చూసే మేడలన్నీ మళ్ళీ కట్టుకున్నవే.

మా అమ్మాయి కంప్యూటరు ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. మొదటిది సగంరోజు యాత్ర. రెండు సమాధుల తోటలు, ఒక కందకం, ఒక స్మారక ద్వారం. రెండోది రోజంతా. మధ్యాహ్నం భోజనం, దాంతోపాటు రెండు రకాల బీరు, "నిజమైన" కందకంలో నిలబడి ఫోటో, తిరిగొచ్చేటప్పుడు చాక్లెట్ల దుకాణం. మూడోది ఇంగ్లీషువాళ్ళ కోసం. మన ముత్తాతగారు ఏ రెజిమెంటులో పనిచేశారో చెబితే, ఆయన నిలబడిన పొలం దగ్గరికి తీసుకువెళ్ళి చూపిస్తారు.

"నువ్వు చెప్పమ్మా, ఏది బుక్ చెయ్యను?" అంది.

"మన ఆడవాళ్ళు శ్మశానానికే వెళ్ళరు. డబ్బిచ్చి మరీ వెళ్ళడమేమిటే, చోద్యం కాకపోతే!" అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ బీరు సంగతి ముల్లులా గుచ్చుకుంది. అంతలోనే, అందులో తప్పేముంది అని కూడా అనిపించింది. తద్దినం నాడు మనం గారెలు వండుకుని తినమా? పోయినవాళ్ళ పేరు చెప్పుకుని భోజనం చెయ్యడం పాపమైతే మన పెద్దలందరూ పాపాత్ములే కావాలి. మరి నా మనసుకు ఎందుకు కష్టమయింది? ఆలోచిస్తే తేలింది ఇదీ. తద్దినం భోజనం పోయినవాళ్ళ కోసం పెట్టేది. ఆ యాత్రలో మాత్రం పోయినవాళ్ళే భోజనంలో ఒక వంటకమయ్యారు. చాక్లెట్లకు ముందు వడ్డించే వంటకం.

పొద్దున్నే కాఫీ దగ్గర ఈ మాట అంటే మావారు ఉత్సాహంగా పాఠం అందుకున్నారు. "ఇది ఇవాళ్టి సంగతనుకున్నావా? అమెరికాలో అంతర్యుద్ధం వచ్చినప్పుడు, 1861 జులైలో బుల్ రన్ దగ్గర యుద్ధం జరుగుతుంటే వాషింగ్టన్ నుంచి పెద్దమనుషులు బండ్లు కట్టుకుని, బుట్టల్లో ఫలహారాలు సర్దుకుని చూడ్డానికి వెళ్ళారు. తమవాళ్ళు ఓడి పరిగెత్తుకొస్తుంటే ఈ బండ్లూ బుట్టలూ దారికి అడ్డం! మిషెలిన్ అని టైర్ల కంపెనీ ఉంది చూశావూ, వాళ్ళు యుద్ధభూములు చూపించే పుస్తకాలు 1917లోనే అచ్చువేశారు. అప్పటికింకా యుద్ధం అవనే లేదు" అన్నారు.

"జనం తిరిగితే కదా టైర్లు అరిగేది" అన్నాను. "సరే గానీ, ఏడవడానికి వెళ్ళినవాళ్ళెవరూ లేరా?"

ఆయన కాసేపు కాఫీ గ్లాసు వంక చూస్తూ ఊరుకున్నారు. తరువాత చెప్పిన సంగతి మన ఆడవాళ్ళం తెలుసుకోవలసింది. పోయినవాళ్ళ శవాల్ని ఇంటికి తీసుకురాకూడదని ఆనాడు బ్రిటిషు ప్రభుత్వం నిర్ణయించింది. ధనవంతుడి కొడుకు ఊరికొచ్చి, కూలివాడి కొడుకు అక్కడే ఉండిపోవడం న్యాయం కాదన్నది ఒక కారణం. న్యాయమే. కానీ కొడుకు సమాధి చూడాలంటే తల్లి సముద్రం దాటాలి. చేతిలో డబ్బులేని తల్లుల్ని 1920ల్లో ధర్మసంస్థలు కొన్ని తమ ఖర్చుతో తీసుకువెళ్ళి చూపించాయట. అమెరికా ప్రభుత్వమైతే 1930 నుంచి 1933 దాకా 6,600 మందికి పైగా తల్లుల్నీ భార్యల్నీ సర్కారు ఖర్చుతోనే ఓడలెక్కించి పంపింది. అందులోనూ నల్లజాతి తల్లుల్ని వేరే ఓడల్లో పంపించారు. కొడుకులు ఒక్క దేశం కోసమే చచ్చిపోయారు. కన్నతల్లులు మాత్రం ఒక్క ఓడ ఎక్కకూడదు!

అంటే ఆ రోజుల్లో ఒకే రైలు పెట్టెలో, ఒళ్ళో పూలగుత్తి పెట్టుకున్న తల్లీ, మెడలో కెమెరా వేలాడేసుకున్న పెద్దమనిషీ పక్కపక్కనే కూర్చుని ఉంటారు. ఇద్దరూ టిక్కెట్టు కొన్నవాళ్ళే. ఇద్దరూ చూసేది ఆ నేలే. మరి తేడా ఎక్కడుంది?

దీనికి నాకు జవాబు చరిత్ర పుస్తకంలో కాదు, పోయిన మా అత్తగారి మాటల్లో దొరికింది. పరామర్శకు వెళ్ళడంలో ఆవిడకు ఖచ్చితమైన పద్ధతులుండేవి. పనిగట్టుకుని వెళ్ళాలి గానీ, బజారుకు వెళుతూ దారిలో ఉంది కదా అని తొంగిచూడకూడదు. ఎలా పోయారు, ఎప్పుడు పోయారు అని గుచ్చి గుచ్చి అడగకూడదు. వాళ్ళు చెబితే వినాలి. మన ఇంట్లో పోయినవాళ్ళ కథ మొదలుపెట్టకూడదు. లేచి వచ్చేటప్పుడు "వెళ్ళొస్తాం" అనకూడదు. చావింటికి మళ్ళీ వస్తామని ఎవరైనా అంటారా? ఇంటికొచ్చి స్నానం చేశాకే మరో పని ముట్టుకోవాలి.

వీటన్నిటికన్నా పెద్దది ఇంకొకటుంది. పెళ్ళికి పిలిస్తేనే వెళ్ళాలిట, చావుకు పిలవకపోయినా వెళ్ళాలిట. మా దాయాదులతో గట్టు తగాదా పదకొండేళ్ళు కోర్టులో నడిచింది. మాటల్లేవు, నీళ్ళు పుచ్చుకోవడాల్లేవు. ఆ ఇంటి పెద్దాయన పోయిన పొద్దున వాళ్ళ వాకిట్లో మొట్టమొదట అడుగుపెట్టింది మా అత్తగారే. "తగాదా ఆయనతో గానీ ఆయన చావుతో కాదు" అంది. ఆ మాట అప్పట్లో నాకు అర్థం కాలేదు.

కనుక యాత్ర ఎంచుకునేటప్పుడు అడగవలసింది ఎన్ని గంటలు, ఎంత ఖర్చు అని కాదనిపించింది. ఇది తొంగిచూడటమా, పరామర్శా? అదొక్కటీ తేలితే మిగతావన్నీ తేలిపోతాయి. మా అమ్మాయికి నా షరతులు చెప్పాను. బస్సు వద్దు, బీరు వద్దు, ఫోటో కందకం వద్దు. అది రెండురోజులు వెతికి, ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన ఒక రిటైరయిన బడిపంతులుగారిని పట్టుకుంది. ఆయన తన కారులో నలుగుర్ని తిప్పి చూపిస్తారట.

ఫోన్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మీ వాళ్ళెవరైనా ఇక్కడ ఉన్నారా?" అని. మేం కంగారుపడి, "మా అమ్మాయి బ్రస్సెల్స్‌లో ఉందండీ" అన్నాం. ఆయన అడిగింది పోయినవాళ్ళ గురించిట! మావారు సర్దుకుని, "మా కుటుంబంవాళ్ళు లేరు, మా దేశంవాళ్ళున్నారు" అన్నారు.

"అయితే మీ వాళ్ళని పొద్దున చూద్దాం. మధ్యాహ్నం నుంచి ఎవరివాళ్ళని చూద్దాం?"

ఆ ప్రశ్న విని మావారికి ఏం చెప్పాలో తోచలేదు. నాకు మా అత్తగారు గుర్తొచ్చింది. "అవతలివాళ్ళని కూడా చూస్తామని చెప్పండి" అన్నాను.

పొద్దున్నే సరిహద్దు దాటి ఫ్రాన్సులో నవ్ షాపెల్ అనే పల్లెకు వెళ్ళాం. నాలుగు దారుల కూడలి, చుట్టూ దున్నిన పొలాలు. వాటి మధ్య మన సాంచీ స్తూపం చుట్టూ ఉండే రాతి కంచె లాంటి గోడ, తామరపువ్వు తలపెట్టిన ఎత్తైన స్తంభం, దాని మొదట్లో రెండు రాతిపులులు! పరాయి దేశంలో మన గుడి గోపురం కనిపించినట్టు ప్రాణం లేచొచ్చింది. 1927లో కట్టారు. గోడ మీద 4,700 మందికి పైగా పేర్లున్నాయి. 1915 మార్చి 10 నుంచి 13 దాకా ఆ పల్లె దగ్గర జరిగిన దాడిలో సగం సైన్యం మనవాళ్ళే. నెలకు 11 రూపాయల జీతం మీద, ఎవరికీ ఎవరిమీదా కోపంలేని చోటికి, ఎన్నడూ ఎరగని చలిలోకి వచ్చారు.

మావారు కళ్ళజోడు తుడుచుకుని తెలుగు పేరు కోసం వెతకడం మొదలుపెట్టారు. గంటసేపు వెతికినా మా కంటికి ఒక్కటీ కనబడలేదు. సింగులు, ఖానులు, థాపాలు, గురుంగులు, రాములు. పంజాబు, గఢ్వాల్, నేపాల్, సరిహద్దు పర్వతాల నుంచి వచ్చినవాళ్ళు. "మనవాళ్ళు లేరోయ్" అన్నారు దిగాలుగా. "వీళ్ళు కారేమిటి?" అన్నాను. అన్నాక నాకే అనుమానమొచ్చింది. మనవాళ్ళు అనే మాట ఎంతదూరం సాగుతుంది? మన సైన్యంలో మొట్టమొదటి విక్టోరియా క్రాస్ తెచ్చుకున్న ఖుదాదాద్ ఖాన్ 1914 అక్టోబరులో ఈపర్ దగ్గరే పోరాడాడు. బతికి ఇంటికి చేరాడు. ఆయన ఊరు ఇప్పుడు పాకిస్తాన్లో ఉంది. ఆ గోడ మీద పక్కపక్కన ఉన్న పేర్లవాళ్ళ ఊళ్ళు ఇవాళ రెండు మూడు దేశాల్లో ఉన్నాయి. ఆ ఊళ్ళ మునిమనవళ్ళు ఒకరి మీద ఒకరు తుపాకులు గురిపెట్టుకున్నారు. గోడ మీద మాత్రం ఎవరూ జరగమనలేదు.

పంతులుగారు మరో సంగతి చెప్పారు. ఇక్కడ పేర్లయినా ఉన్నాయిట. ఇరాక్ దేశంలో బస్రా స్మారకం మీద మన అధికారులకు పేర్లు చెక్కి, మామూలు జవాన్లకు రెజిమెంటువారీగా అంకెలు వేసి ఊరుకున్నారు. ఈ సమాధులన్నిటినీ చూసుకునే కామన్వెల్తు సంస్థే 2021లో ఈ తప్పు ఒప్పుకుంది. ఆఫ్రికా, ఆసియా ఖండాల సైనికుల్లో కనీసం 45,000 మందికి మిగతావాళ్ళతో సమానంగా గౌరవం దక్కలేదనీ, లక్షకు పైగా మందికి పేరైనా లేకుండా పోయిందేమో అనీ రాసింది. యాత్రలవాళ్ళు చూపించేది కట్టిన గోడల్నే. కట్టని గోడని ఏ గైడు చూపిస్తాడు?

మధ్యాహ్నం టైన్ కాట్‌కి వెళ్ళాం. 1917లో మూడు నెలలకు పైగా పాషెండేల్ యుద్ధం జరిగిన గట్టు మీద ఉందది. కామన్వెల్తువాళ్ళ సమాధుల తోటల్లో ప్రపంచంలో కెల్లా పెద్దది. తెల్లటి రాళ్ళు వరసలు వరసలుగా దాదాపు 12,000. అందులో 8,300 మందికి పైగా పేరులేదు. ఎవరో దేవుడికి మాత్రమే తెలుసన్న అర్థం వచ్చే మాట చెక్కారు. పేరున్న రాళ్ళ కింద ఇంటివాళ్ళు ఒక చిన్న వాక్యం రాయించుకోవచ్చు. 66 అక్షరాలకు మించకూడదు. మొదట్లో అక్షరానికి మూడున్నర పెన్నీలు అడిగారట, తరువాత ఇష్టమైతే ఇవ్వండి అన్నారట. ఒకప్పుడు మనం టెలిగ్రాం ఇవ్వడానికి మాటలు లెక్కపెట్టుకున్నట్టు, ఏదో ఊళ్ళో ఒక తల్లి వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కొడుకు గురించి చెప్పదలుచుకున్నదంతా 66 అక్షరాల్లోకి కుదించుకుని ఉంటుంది. ఎన్ని కొట్టేసి ఉంటుందో!

అంతలో ఒక బస్సు వచ్చింది. బిలబిలమంటూ కుర్రకారు దిగారు. నవ్వులు, తోపులాటలు, చేతుల్లో చిప్స్ పొట్లాలు. ఇదిగో నేను వద్దన్న బీరు బస్సు అనుకుని మొహం చిట్లించాను. పది నిమిషాలయ్యాక చూద్దును కదా, వాళ్ళ గొంతులు వినబడటం లేదు. ఒక కుర్రాడు వరసలో ఒక్కొక్క రాయి ముందూ ఆగి, వేళ్ళు మడిచి ఏదో లెక్కపెడుతున్నాడు. వాళ్ళ వయసులు చూస్తున్నాడని తరువాత అర్థమయింది. పందొమ్మిది, ఇరవై, ఇరవై రెండు. చిప్స్ పొట్లం ఎప్పుడో జేబులోకి వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది. తొంగిచూడటానికి వచ్చినవాడు కూడా పరామర్శ చేసి వెళ్ళవచ్చు. పరామర్శకని వచ్చిన నాలాంటిది పక్కవాళ్ళ చేతుల్లో ఏముందో చూస్తూ నిలబడవచ్చు. టిక్కెట్టు మంచిది కొన్నంత మాత్రాన మనసు మంచిదైపోదు.

ఆ పొలాల్లో ఇప్పటికీ దుక్కి దున్నితే ఫిరంగి గుళ్ళు పైకొస్తాయట. రైతులు వాటిని గట్టున పెడితే మిలిటరీవాళ్ళొచ్చి తీసుకుపోతారు. ఈపర్‌లో 2014 మార్చిలో అలాంటి గుండు పేలి ఇద్దరు కూలీలు పోయారు. ఎప్పుడో 1918లో అయిపోయిన యుద్ధం!

చివరికి అవతలివాళ్ళ దగ్గరికి. వ్లాడ్స్లో అనే పల్లెలో జర్మన్ల సమాధుల తోట ఉంది. అక్కడ తెల్లరాళ్ళు లేవు, పూలమళ్ళు లేవు. పెద్ద పెద్ద చెట్ల నీడలో, నేలకు అతుక్కున్నట్టు నల్లటి పలకలు. 25,000 మందికి పైగా ఉన్నారక్కడ. మేం తప్ప మరో మనిషి లేడు. ఓడినవాళ్ళింటికి పరామర్శకు జనం తక్కువ.

ఒక చివర ఒక తల్లీ ఒక తండ్రీ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు, రాతిబొమ్మలు. తండ్రి చేతులు రెండూ ఒంటికి బిగించుకుని నిటారుగా ఉన్నాడు. తల్లి తల వాల్చేసి ముందుకు ఒంగిపోయింది. కేటె కోల్విట్స్ అనే జర్మన్ చిత్రకారిణి చేసిన బొమ్మలవి. ఆవిడ చిన్నకొడుకు పేటర్ 1914 అక్టోబరులో ఆ ప్రాంతంలోనే పోయాడు. పద్దెనిమిదేళ్ళు. ఆ బొమ్మల ముందున్న రాతి మీద మిగతా పేర్లతోపాటు వాడి పేరూ ఉంది. మొదట్లో కొడుకును కూడా చెక్కాలనుకుందట. పద్దెనిమిదేళ్ళు చేసీ, చెరిపీ, చివరికి తననూ భర్తనూ మాత్రమే చెక్కి 1932లో కొడుకు దగ్గర పెట్టింది. 1950ల్లో ఆ సమాధుల్ని ఇక్కడికి మార్చినప్పుడు కన్నవాళ్ళూ వెంట వచ్చారు.

అంతవరకూ నేను మామూలుగానే విన్నాను. తరువాత పంతులుగారు చెప్పింది విని కాళ్ళలో సత్తువ పోయింది. పేటర్‌కి వయసు చాలదు. సైన్యంలో చేరడానికి తండ్రి అనుమతి కావాలి. తండ్రి డాక్టరు, ఒప్పుకోనన్నాడు. కొడుకు తల్లి మొహంలోకి చూశాడు. ఆవిడే భర్తను బతిమాలి ఒప్పించింది.

నేను మావారి వైపు చూడలేకపోయాను.

1999 వేసవి. మా ఇంట్లో రోజంతా టీవీలో కార్గిల్. మా అబ్బాయికి పదిహేడేళ్ళు. మిలిటరీ అకాడమీలో చేరతానని దరఖాస్తు తెచ్చుకున్నాడు. తండ్రి సంతకం పెట్టాలి. మావారు పెన్ను తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళారు. వచ్చేసరికి బల్ల మీద కాగితం లేదు. గడువు దాటిపోయేదాకా నేను దాన్ని పైకి తియ్యలేదు. వాడు మూడురోజులు నాతో మాట్లాడలేదు, నేను కలిపిన అన్నం ముద్ద ముట్టలేదు. తరువాత మరిచిపోయాడు. ఇవాళ విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, కాస్త బీపీ. ఏ తల్లయినా అదే చేస్తుందని చుట్టాలందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ వేసవిలో అయిదు వందల మందికి పైగా మన జవాన్లు పోయారు. టీవీలో ఒక్కొక్క పెట్టె దిగుతుంటే కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఏ తల్లి కన్నబిడ్డో అన్నాను. నా బిడ్డ వెళ్ళని చోటికి ఎవరి బిడ్డ వెళతాడని మాత్రం నన్ను నేను అడగలేదు.

పాతికేళ్ళలో ఆ కాగితం మాట మేమిద్దరం ఎత్తలేదు. ఆ చెట్ల కింద మావారు మెల్లిగా అడిగారు, "ఇంతకీ ఎక్కడ పెట్టావు?"

"కందిపప్పు డబ్బా కింద."

"నేను గట్టిగా వెతకలేదులే" అన్నారు.

మీరే చెప్పండి, నేను చేసింది తప్పా? తప్పని నేనిప్పటికీ అనలేను. అదే రోజు మళ్ళీ వస్తే ఆ కాగితం అక్కడే పెడతాను. కానీ ఒప్పని గుండెమీద చెయ్యి వేసుకుని అనడానికీ నోరు రావడం లేదు. ఆ జర్మను తల్లి దేశం మాట నమ్మి కొడుకును పంపింది. బతికినన్నాళ్ళూ ఆ సంతకం ఆవిడను వదల్లేదు. రెండో యుద్ధంలో, 1942లో, పేటర్ అని పేరు పెట్టుకున్న మనవడు కూడా పోయాడు. ఆ ఏడే ఆవిడ వేసిన ఒక బొమ్మలో, తల్లి కోడిపెట్టలా చేతులు చాచి ముగ్గురు పిల్లల్ని తన అంగీ కింద దాచుకుంటుందట. నేను మొదటే దాచుకున్నాను. ఆవిడకు తెలివి రావడానికి ఒక కొడుకును ఇచ్చుకోవలసి వచ్చింది. నాకు ఏమీ ఇవ్వకుండానే దక్కింది. అటువంటప్పుడు, ఇచ్చుకున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కాసేపు కూర్చుని రావడమైనా నా బాకీ కాదూ? పిల్లల్ని ఇంట్లో దాచుకోగలిగిన మనబోటివాళ్ళకు ఆ యాత్ర వినోదమూ కాదు, పుణ్యమూ కాదు. చెల్లించవలసిన బాకీ. ఆ ఇల్లు ఎవరిదైనా సరే.

తిరుగుదారిలో గాంధారి గుర్తొచ్చింది. స్త్రీపర్వంలో ఆవిడ దివ్యదృష్టితో కురుక్షేత్రమంతా చూస్తూ కృష్ణుడికి ఒక్కొక్కర్నీ చూపిస్తుంది. నూరుగురు కొడుకులు పోయిన తల్లి, తన కొడుకుల దగ్గరే ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆవిడ చూపు అభిమన్యుడి మీద పడి ఏడుస్తున్న ఉత్తర దగ్గరికి వెళుతుంది. ద్రుపదుడి దగ్గరికి, విరాటుడి దగ్గరికి వెళుతుంది. వాళ్ళు అవతలి పక్షంవాళ్ళు. కోపం ఆవిడకు లేకపోలేదు, కృష్ణుణ్ణే శపించింది. అయినా శవాల దగ్గర పక్షాలు చూడలేదు. కళ్ళకు గంతలు కట్టుకుని బతికిన మనిషి చూసినంత, కళ్ళున్న మనం చూస్తున్నామా అనిపించింది.

రాత్రి ఎనిమిదింటికి ఈపర్‌లో మెనిన్ గేట్ కింద నిలబడ్డాం. శవమైనా దొరకని 54,000 మందికి పైగా పేర్లు ఆ ద్వారం గోడల నిండా ఉన్నాయి. నాలుగు వందలకు పైగా మనవాళ్ళవి. ప్రతిరోజూ ఎనిమిదింటికి అక్కడ రాకపోకలు ఆపి బాకా ఊదుతారు. 1929 నుంచీ, రెండో యుద్ధంలో జర్మన్లు ఊరు ఆక్రమించుకున్న నాలుగేళ్ళు తప్ప, ఆగింది లేదు. బాకా ఊదినంతసేపూ అంత జనంలోనూ చడీ చప్పుడూ లేదు. అయిపోయాక చప్పట్లు కొట్టలేదు. పరామర్శ పద్ధతి వాళ్ళకూ తెలుసు.

పంతులుగారి దగ్గర సెలవు తీసుకోబోతూ మావారు అలవాటుగా చేతులు జోడించి "వెళ్ళొ..." అని నాలుక కరుచుకున్నారు. ఇద్దరం ఏమీ అనకుండా తలవంచి వచ్చి కారెక్కాం. పంతులుగారు ఏమనుకున్నారో!

ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. ఆ చలిలో నేను తలస్నానం చేస్తుంటే మా అమ్మాయి తిట్టిపోసింది. మర్నాడు పొద్దున్నే అబ్బాయికి ఫోను చేశాను. వాడు ఆఫీసులో ఉన్నాడు. "ఏమ్మా, ఏం చూశారు నిన్న?" అన్నాడు. చెబుదామనుకున్నది ఒక్కటీ నోటికి రాలేదు. "అన్నం తిన్నావా?" అన్నాను.

"ఇంకా లేదమ్మా. పనుంది, కాసేపాగి తింటా" అన్నాడు.